కోళ్ల మందు, ఆరు చీటీలు

ఇప్పుడంటే చేతిలో ఫోను ఉంది, కోడి తుమ్మినా ఎవరినో ఒకరిని అడగవచ్చు. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న ఆ ఎండాకాలం నాటికి మాత్రం మా వాడలో జబ్బులకు ఒక వరుస ఉండేది. బర్రెకు జబ్బు చేస్తే నాయిన ఆ గడియలోనే సైకిలెక్కి మేడ్చల్‌కు పోయేవాడు. మనిషికి చేస్తే రెండు రోజులు చూసి పోయేవాడు. కోడికి చేస్తే ఎవరూ ఎక్కడికీ పోయేవారు కాదు. మా అవ్వ దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ముక్కు తెరిచి, ఉల్లిగడ్డ ముక్కా పసుపు ముద్దా మింగించి, "నూకలుంటే బతుకుతది" అని వదిలేసేది. (కోడి గురించి ఆ మాట అనడంలోని సొగసు నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు.) అలాంటి వాడలో కోళ్ల కోసం పశువుల దవాఖానకు పోయిన మొదటి మనిషిని నేను. పోయి మందు తెచ్చి ఊరుకున్నానా అంటే అదీ లేదు. ఆరిళ్లవాళ్ల చేత ఉన్న నీళ్లన్నీ పారబోయించి, ఒక రాత్రంతా వాడను నిద్ర లేకుండా చేశాను. నోట్లో నాలుక లేని పిల్ల అని పేరు పడ్డ నేను!

ఆ పేరు ఊరికే రాలేదు. మా ఊరు మేడ్చల్ దాటాక, అత్వెల్లికి ఇవతల, రోడ్డు నుంచి కాస్త లోపలికి. కాలేజీ నుంచి వచ్చే బస్సులో "ఆపండి" అని అరిస్తే గానీ డ్రైవరు మా దగ్గర ఆపేవాడు కాదు. వేరే ఎవరైనా దిగేవాళ్లుంటే నా అదృష్టం. లేకపోతే అరవలేక అత్వెల్లి దాకా పోయి, అక్కడ దిగి, పుస్తకాలు గుండెకు హత్తుకుని వెనక్కి నడిచి వచ్చేదాన్ని. ఇంట్లో "బస్సు లేటు" అనేదాన్ని. నిజం డైరీకి చెప్పుకునేదాన్ని. ఎరువుల దుకాణంవాళ్లు నాయినకు ఇచ్చిన డైరీ అది. మామూలు సంగతులు నీలం సిరాతోను, మనసు నొచ్చిన సంగతులు ఎర్ర సిరాతోను రాయాలని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను.

ఆ ఎండాకాలం డైరీ ఎర్రబడటానికి కారణం కోళ్లే. అవ్వకు పధ్నాలుగు కోళ్లుండేవి. నాలుగు పెట్టలు, ఒక పుంజు, మిగతావి అప్పుడప్పుడే ఎదుగుతున్న పిల్లలు. అమ్మా నాయినా పొద్దున్నే ద్రాక్షతోటలో పనికి పోతే చీకటి పడ్డాకే వచ్చేవాళ్లు. పగలంతా ఇంట్లో నేనూ అవ్వా కోళ్లూ. నేను చదువుతుంటే నల్లపెట్ట వచ్చి నా కాలి పక్కన కూర్చునేది. "గీ ఇంట్ల నా మాట ఇనేటివి గివే" అని అవ్వ వాటిని చూసి మురిసేది. (నేను కూడా వినేదాన్ని, కానీ తిరిగి ఏమీ అనకపోవడంతో ఆమెకు నమ్మకం కుదిరేది కాదు.) ఒక రోజు ఒక పిల్ల రెక్కలు వాల్చి, మెడ లోపలికి ముడుచుకుని మునగచెట్టు కింద నిలబడింది. దాని రెట్టలో ఎర్రగా నెత్తురు. తెల్లారేసరికి చచ్చిపోయింది. మరో రెండు రోజులకు ఇంకొకటి.

అవ్వకు కారణం వెంటనే దొరికింది. మా వాడ మూల ఇంట్లో ఒంటరిగా ఒక ముసలమ్మ ఉండేది. అవ్వకు వరసకు వదినె, నాకు మూలింటి అమ్మమ్మ. మా కోళ్లు ఆమె తోటకూర మడిని కెలుకుతాయని ఆమె చీపురు విసిరేది, అవ్వ మాట విసిరేది. "గా వదినె కన్నే వడ్డది నా కోళ్ల మీద. సూసినవా, గా సూపు?" అని అవ్వ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. మేమిద్దరం దగ్గాం. కోళ్లలో మాత్రం మార్పు లేదు. నేను డైరీలో ఏ కోడి, ఏ పూట, గింజలు ముట్టిందా, రెట్ట ఏ రంగు అన్నీ రాయడం మొదలుపెట్టాను. ఎందుకు రాశానో తెలియదు. ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

నల్లపెట్ట కూడా రెక్కలు వాల్చిన రోజు అవ్వ గడప మీద కూర్చుని, "గివి వోతే ఇగ నేను కోళ్లు సాద బిడ్డా. ముసల్దాన్నైన. ఇగ నాతోని గాదు" అంది. అవ్వ తనను తాను ముసలిదాన్ని అనుకోవడం నేను అంతవరకు వినలేదు. కోడి పోతుందన్న భయం కంటే ఆ మాట ఎక్కువ భయపెట్టింది. డైరీ సంచిలో వేసుకుని బస్సెక్కాను.

మేడ్చల్ పశువుల దవాఖానలో ఆ రోజు అందరి వెంటా బర్రెలో, ఎడ్లో, ఒక మేకో ఉన్నాయి. నా వెంట డైరీ ఉంది. అందరి పనీ అయ్యేదాకా గోడకు అతుక్కుని నిలబడ్డాను. చివరికి కాంపౌండరు సారే పిలిచాడు.

"ఏం గావాలమ్మా? నీ బర్రె యాడున్నది?"

నేను డైరీ తెరిచి చేతిలో పెట్టాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ఆయనకు మనసులో చదువుకునే అలవాటు లేనట్టుంది. రెండు పేజీల కోళ్ల రెట్టలయ్యాక, గాలికి కాగితం తిరిగింది. ఆయన ఆపలేదు. "ఈ రోజు కూడా ‘ఆపండి’ అనలేక అత్వెల్లి దాకా వెళ్లి నడిచి వచ్చాను. ఎండ చాలా ఉంది."

బర్రెను పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన జాలిగా చూశాడు. "గంత దూరం నడిచినవా బిడ్డా? గట్టిగ ఒర్లకపోయినవు?"

నేను నేల చూపులు చూస్తుండగా కాంపౌండరు సారు కోళ్ల పేజీలకు వెనక్కి తిరిగి వాటిని మళ్లీ చదివాడు, ఈసారి మెల్లగా. తర్వాత తల ఊపి, "మనుషుల దవాఖానల గూడ గింత మంచిగ రాయరమ్మా. కోడిని సూడకున్నా రోగం సమజైంది" అన్నాడు. కడుపులో పట్టే రోగమట, పిల్లకోళ్లను ఎక్కువగా తీసుకుపోతుందట. లోపలి నుంచి ఒక పొడి డబ్బా తెచ్చి, ఎన్ని నీళ్లకు ఎంత పొడో దాని మూతతోనే కొలిచి చూపించాడు. "రోజు పొద్దుగాల కొత్తగ కలుపాలె. ఐదు దినాలు. ఇగో, గిది మంచిగ ఇను. గీ ఐదు దినాలు గీ నీళ్లు తప్ప ఇంకో నీటిబొట్టు వాటి నోట్ల వడొద్దు. వడ్డదా, మందు దండుగ. గుడ్లు గూడ మందు నడిచినన్ని దినాలు, ఎన్క ఒక వారం, తినొద్దు."

నేను తలూపాను. బస్సులో సగం దూరం వచ్చాక గానీ ఆయన చెప్పినదాని బరువు తెలియలేదు. మా కోళ్లకు ప్రహరీ లేదు, పరువూ లేదు. పొద్దున గూడు తెరిస్తే వాడంతా వాటిదే. మా వాడలో ప్రతి ఇంటి ముందూ ఒక జాలారు ఉండేది. గిన్నెలు తోమి, స్నానాలు చేసే బండలు పరిచిన చోటు. దాని పక్కన ఒక మడుగు, కొన్నిళ్లలో బర్రెల కుడితి గోలెం కూడా. మా కోళ్లు ఒక ఇంట్లో తిని, ఇంకో ఇంట్లో తాగి, మూడో ఇంట్లో రెట్ట వేసి మా ఇంటికి పడుకోవడానికి వచ్చేవి. వాటిని కట్టేయాలంటే రేకుల గూట్లో పగలు పెట్టడం పొయ్యి మీద పెట్టడమే. గంపల కింద కమ్మినా ఆ ఎండకు అంతే. అంటే కోళ్లను కాదు, నీళ్లనే కట్టేయాలి. మా ఇల్లు కాక ఆరు జాలార్లు. ఆరిళ్లకు పోయి, ఆరుసార్లు పిలిచి, ఆరుగురితో మాట్లాడాలి. నేను!

మూలింటితో కలిపితే ఏడిళ్లు. కానీ అక్కడికి కోళ్లు పోతే చీపురు పడుతుంది కాబట్టి నీళ్లు తాగే భయం లేదు, నేను పోయినా చీపురే పడుతుందని నా భయం. అందుకని ఆరే లెక్క పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఉపాయం తట్టింది. డైరీ వెనక కాగితాలు చింపి ఆరు చీటీలు రాశాను. నీలం రీఫిలు అయిపోయింది, ఎర్రదే మిగిలింది. ఎవరు రాశారో తెలిస్తే మళ్లీ ఎవరో వచ్చి మాట్లాడతారు కాబట్టి పేరు రాయలేదు. భాష మాత్రం నేను చదివిన పుస్తకాల స్థాయిలో ఉండాలని శ్రమపడ్డాను. "దయచేసి గమనించగలరు. రేపటి నుండి ఐదు దినముల వరకు మీ ఇంటి ముందు నీరు నిలువ ఉంచరాదు. ఉంచిన యెడల ప్రాణనష్టము కలుగును. ఇట్లు, మీ శ్రేయోభిలాషి." నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను. ఒక్క అక్షరం తప్పు లేదు.

ఎండాకాలం మధ్యాహ్నాలు నాకు ఇష్టం. తలుపులు వేసుకుని అందరూ పడుకునే ఆ రెండు గంటలు ఊరంతా నాలాగే నోరు మూసుకునేది. అవ్వ కునుకు తీయగానే, అప్పటిదాకా కోళ్లకు పసుపు ముద్దలు మింగించిన చేత్తోనే, పళ్లెంలో ఇన్ని అన్నం మెతుకులు పట్టుకుని బయల్దేరాను. (జిగురు సీసాలు మా ఇళ్లలో ఉండేవి కావు. కాగితం అంటించాలంటే అన్నమే.) ఆరు తలుపులకు ఆరు చీటీలు అంటించి, ఎవరి కంటా పడకుండా వచ్చి పడుకున్నాను.

సాయంత్రం కిటికీ సందులోంచి చూస్తే నా కళ్లను నేనే నమ్మలేదు. ఎదురింట్లో ఉండే రేడియో అత్త (ఆమె గొంతు వాడ ఆ చివరికీ స్పష్టంగా అందేది, అందుకే ఆ పేరు) గోలెం రెండు చేతులతో దొర్లించి కుడితి మొత్తం పారబోసింది. ఆ పక్కింట్లో బిందెలు బోర్లించారు. ఇంకో ఇంట్లో జాలారు బండల మీద చుక్క లేకుండా గుడ్డతో తుడిచారు. ఎవరూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడటం లేదు. మా అవ్వ కూడా బయటికి పోయి వచ్చి, మా తొట్టి కూడా వంచేసి, గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నా తల చుట్టూ తిప్పింది.

"ఏమైంది అవ్వా?"

"దీపాలు వెట్టినంక గసుంటి ముచ్చట చెప్పరాదు. పండుకో" అంది.

కోళ్ల కోసమే అనుకున్నాను. రాతకు ఇంత బలముందా అని పొంగిపోయి, డైరీలో ఎర్ర సిరాతోనే, "మా వాడలో అందరూ ఎంత మంచివాళ్లు!" అని రాసుకుని పడుకున్నాను.

పొద్దున్నే లేచి మందు కలిపి, మట్టి మూకుళ్లలో పోసి మునగచెట్టు కింద పెట్టాను. కోళ్లు గూట్లోంచి దిగి, అలవాటు ప్రకారం ఒక్కో జాలారు దగ్గరికీ పోయి, అన్నీ ఎండి ఉండటం చూసి, విసుగ్గా మా ఇంటికే తిరిగి వచ్చాయి. నల్లపెట్ట కూడా మూకుట్లో ముక్కు ముంచి, పైకెత్తి మింగింది. ఆ ఒక్క గుటక చూసి నా ప్రాణం లేచి వచ్చింది. అప్పుడే రేడియో అత్త గొంతు వినబడింది. "ఎర్ర రాత, పసుపు, అన్నం మెతుకులు! నా తలుపుకైతే కోడీక గూడ ఉన్నది! గిది చేతబడి గాకపోతే ఏంది?"

బయటికి వచ్చి చూస్తే వాడంతా అత్త గుమ్మం ముందే ఉంది. ఆమె భర్త, మా వాడలో చదువు వచ్చిన పెద్దమనిషి, తలుపుకు రెండు గజాల దూరంలో నిలబడి, చీటీ ముట్టకుండా మళ్లీ ఒకసారి చదివాడు. "ప్రాణనష్టము కలుగును" దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు నిజంగానే వణికింది. విన్నప్పుడు నాకు కూడా భయం వేసింది. నాలుగుసార్లు చదివి మురిసిన ఆ చీటీలో కోడి అనే మాట ఎక్కడా లేదని అప్పుడే తెలిసింది.

"శామీర్‌పేట దిక్కు మంచి మంత్రగాడున్నడట, జల్దీ తోల్కరాండ్రి" అంది ఒకామె. "మంత్రగాడు ఎన్క. జేసినోళ్లెవ్వలో ముందు తెల్వాలె" అంది రేడియో అత్త. "అందరి తలుపులకున్నది. ఎవ్వలింటికి లేదో సూడున్రి!"

మా ఇంటికీ లేదు. కానీ మా ఇంటి వంక ఎవరూ చూడలేదు. అందరి తలలూ మూలింటి వైపు తిరిగాయి. అందరికంటే ముందు మా అవ్వదే. "నా కోళ్లు వోయినప్పుడే అనుకున్న. ముందుగాల కోళ్లను మింగింది, ఇగ మనుషుల మీదికి వచ్చింది!"

మూలింటి అమ్మమ్మ చీపురు పట్టుకుని తనే వచ్చింది. కానీ ఎప్పటిలా దాన్ని ఎత్తలేదు. "నాకు రాతొస్తదా? సంతకమే రాదు. యాడికి వోయినా ఏలిముద్రే ఏస్త!"

"గీ కాయితం నిండ ఉన్నయి గవే గద!" అని ఎవరో పసుపు మరకలు చూపించారు.

అమ్మమ్మ ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది. ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. అలాంటి పేరు ఒకసారి అంటుకుంటే ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరని, మంచినీళ్ల బావి దగ్గర కూడా జరిగి నిలబడతారని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. వెనక మునగచెట్టు కింద నల్లపెట్ట మళ్లీ నీళ్లు తాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను ఏమీ చేయనక్కర్లేదు. భయం ఉన్నన్నాళ్లు ఒక్క ఇంట్లోనూ నీళ్లు నిలవవు. ఐదు రోజులు నోరు మూసుకుంటే చాలు, కోళ్లు బతుకుతాయి, అవ్వ బతికినట్టవుతుంది. నోరు మూసుకోవడం నాకు వచ్చిన ఏకైక విద్య.

"గవి నేనే అంటిచ్చిన" అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను. రేడియో అత్త గొంతు ముందు అది దోమ పాటయింది. మంత్రగాడి కోసం ఎవరో సైకిలు కూడా తీశారు. అప్పుడు నా కడుపులోంచి, రెండేళ్లుగా బస్సుల్లో అరవకుండా దాచుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది.

"ఆపండి!"

సైకిలు ఆగింది. వాడ ఆగింది. కోళ్లు కూడా తల ఎత్తి చూశాయి. (ఆ గొంతు ఎవరిదో అని నేను కూడా ఒకసారి వెనక్కి చూశాను.) "గవి నేనే రాసిన. మేడ్చల్ సారు చెప్పిండు. మా కోళ్లు మందు నీళ్లు తప్ప వేరే నీళ్లు తాగొద్దు. గందుకని..."

రేడియో అత్త భర్త చీటీ వంకా నా వంకా చూశాడు. "మరి గిందుల కోడి అన్న మాటేది పిల్లా? ప్రాణనష్టము ఎవ్వలకు?"

"కోళ్లకు మామా."

"గా సంగతి రాయాలె గద! రాత్రంత నేను నీళ్లు గూడ తాగలే!"

ముందు నవ్వింది రేడియో అత్తే. ఆ నవ్వు వాడ చివరి దాకా పోయి, తిరిగి వచ్చేటప్పుడు అందరినీ వెంట తెచ్చింది. నవ్వనిది ఇద్దరే. మూలింటి అమ్మమ్మ నా దగ్గరికి వచ్చి, "నా తలుపుకెందుకు అంటియ్యలే?" అంది.

"నువ్వు తిడ్తవని."

"తిట్టకపోతే ఏం జేస్త? తిట్టుకుంటనే చెప్పిన మాట ఇంట గద పోరీ!"

అవ్వ కొంగు నడుముకు చెక్కుకుంది. తర్వాత, "రా వదినె. జరంత చాయ్ తాగి పో" అంది.

"ఏ నీళ్లతోని పెడ్తవే? అన్ని పారవోసినవు గద!" అంది అమ్మమ్మ. అప్పుడు అవ్వ కూడా నవ్వింది.

నీళ్లు మళ్లీ నిలుస్తాయని భయపడ్డాను. నిలవలేదు. భయంతో ఒక్క రాత్రి చేసిన పనిని మా వాళ్లు మాట మీద ఐదు రోజులు చేశారు. రేడియో అత్త పొద్దునా సాయంత్రం, "కోళ్ల మందు నడుస్తాంది! గోలాలు మూసుకోన్రి!" అని అందరికీ వినిపించేది. మూలింటి అమ్మమ్మ మునగచెట్టు కింద పీట వేసుకుని చీపురుతో కాపలా కూర్చుంది. అత్త ఇంటికి వచ్చిన చుట్టానికి కాళ్లు కడుక్కోవడానికి చెంబు నీళ్లిస్తే, "కడుక్కున్నంక నేల తుడ్వాలె" అని అమ్మమ్మ ఆయన చేతికి గుడ్డ ఇచ్చిందట.

మూడో రోజు గాలివాన వచ్చింది. పది నిమిషాల్లో వాడంతా మడుగులు. చేసిందంతా పోయినట్టేనని నేను గడపలో కూలబడ్డాను. తలుపులు టపటపా తెరుచుకున్నాయి. ఒక్కొక్కరూ తమ ఇంటి గంప నెత్తిన బోర్లించుకుని వానలో పరుగెత్తుకొచ్చారు. వాన పడింది కాబట్టి ఆ పూటకు ఎండ భయం లేదు. గంపకు ఒకటో రెండో కోళ్లను కమ్మి, కింద ఒక మూకుడు పెట్టి, చీపుర్లతో వాడ నీళ్లన్నీ మోరీలోకి తోశారు. "వాన నీళ్లకు గూడ చీటీ అంటియ్యకపోయినవు పిల్లా!" అని అత్త అరుస్తుంటే, నేను తడిసి ముద్దయి, గంపలు పట్టుకుని, గొంతెత్తి అందరికీ పని చెబుతున్నాను. అది నేను గుర్తించింది ఆ రాత్రి డైరీ రాసేటప్పుడే.

మందు మొదలుపెట్టిన రెండో రోజే ఒక పిల్ల పోయింది. మిగతా పదకొండూ బతికాయి. నల్లపెట్ట వారం తిరగకుండా మళ్లీ గుడ్లు పెట్టసాగింది. ఇంకా తినొద్దని నేను గుర్తు చేస్తే, "తినొద్దన్నరు, పొదగేయొద్దనలే గద" అని అవ్వ వాటిని దాచి పొదగేసింది. ఇగ కోళ్లు సాదనన్న మాట మళ్లీ ఎత్తలేదు. పిల్లలు అయ్యాక ఇంటికొకటి పంచింది. మూలింటికి రెండు ఇచ్చింది. "ఒకటి తోటకూరకు వదినె, ఒకటి మాట వడ్డందుకు" అంది. అమ్మమ్మ రెండూ కొంగులో వేసుకుని, "మూడోది చీపురరిగినందుకు ఇయ్యవా?" అంది.

నేనిప్పుడు తుర్కపల్లి వైపు ఒక మందుల కంపెనీలో రికార్డులు రాసే పనిలో ఉన్నాను. రోజూ పొద్దున కంపెనీ కారు కోసం రేడియో అత్త గుమ్మం ముందే నిలబడతాను. తలుపుకు రెండుసార్లు రంగు వేశారు గానీ, ఒక మూల అన్నం మెతుకులతో గట్టిపడిన కాగితం ముక్క అలాగే ఉంది. "దయచే" వరకు చదవవచ్చు. గీకేయమంటే అత్త ఒప్పుకోదు. "ఉండనియ్. నీ నోరు తెర్సిన కాయితం గది" అంటుంది.

ఆమె అనుకున్నంతగా తెరుచుకోలేదు. కారులో ఏసీ గాలి సరిగ్గా నా ముఖానికే కొడుతుంది. శామీర్‌పేట చేరేసరికి ముక్కు గడ్డకడుతుంది. తగ్గించమని డ్రైవరన్నకు చెప్పడానికి మూడు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. చివరికి ఒక చీటీ రాసి సంచిలో పెట్టుకున్నాను. పాత తప్పు చేయలేదు. ఏసీ అన్న మాట రెండుసార్లు రాశాను, ఎవరి ప్రాణానికీ నష్టం చెప్పలేదు, సిరా నీలం. "ఇట్లు" దగ్గర శ్రేయోభిలాషి అని కాకుండా నా పేరే పెట్టాను. ఇక ఇవ్వడమే మిగిలింది.